బోర్డు లేని టోల్‌గేటు

బెంగళూరు హైవే మీద శంషాబాద్, కొత్తూరు, షాద్‌నగర్ దాటితే రాయికల్ టోల్‌గేటు వస్తుంది. టోల్‌గేటును ముద్దు చేసినవాడు ఈ దేశంలో ఎవడూ లేడు గానీ, దానికీ ఓ మర్యాద ఉంది. కారుకెంత, లారీకెంత, పోయి రావడానికెంత, నెలపాసుకెంత అన్నది పెద్దక్షరాలతో బోర్డు మీద రాసి పెడతారు. మినహాయింపు ఎవరెవరికో ఆ పెద్దమనుషుల జాబితా కూడా పక్కనే ఉంటుంది. తిట్టుకునేవాడు ఎంతకు తిట్టుకుంటున్నాడో తెలిసే తిట్టుకుంటాడు.

అదే రోడ్డు మీద, విమానాశ్రయానికీ కొత్తూరుకూ మధ్య, ఇంకో టోల్‌గేటు ఉంది. దానికి గేటు లేదు, బోర్డు లేదు, రసీదు లేదు. అది బండ్ల జోలికి పోదు, నోరున్న వస్తువుల జోలికే వస్తుంది. స్తంభం మీది దీపం "వెలుగుతున్నా" అని కంట్రోల్ రూముకు కబురు పంపితే సుంకం. చౌరస్తాలోని కెమెరా బొమ్మను కుదించి పోలీసు స్టేషనుకు చేరవేస్తే సుంకం. బస్సు తానెక్కడ ఉన్నదీ చెప్పుకుంటే సుంకం. పెంజర్ల రైతు ఇంటి ముందు మంచం మీద కూర్చుని సెల్‌ఫోనుతో బోరు మోటరు ఆన్ చేస్తే దానికీ సుంకమే. ఎవరికి కట్టాలి, ఎంత కట్టాలి అని మాత్రం అడక్కూడదు. అడిగితే ముందు ఒక కాగితం మీద సంతకం పెట్టమంటారు. ఆ కాగితంలో ఏముంటుందంటే, తర్వాత తెలిసిన రేటు ఎవరికీ చెప్పనని ప్రమాణం.

సంగతి ఇదీ. వస్తువులు ఒకదానితో ఒకటి మాట్లాడాలంటే అన్నిటికీ ఒకే పద్ధతి కావాలి. 2జీ నుంచి 5జీ దాకా, వైఫై, వీడియోను కుదించే హెచ్.265, ఇవన్నీ అలా పెద్ద కంపెనీల ఇంజనీర్లు కూర్చుని ఒప్పుకున్న ప్రమాణాలు. ఒప్పుకునే వేళ ఎవరి పేటెంటు వారు అందులో ఇరికిస్తారు. ప్రమాణం ఖాయమయ్యాక ఆ పేటెంటును తొక్కకుండా ఫోను గానీ, మీటరు గానీ, మాట్లాడే స్తంభం గానీ చేయడం బ్రహ్మతరం కూడా కాదు. వీటినే సెప్ అని పొట్టిగా పిలుస్తారు, అంటే ప్రమాణానికి అత్యవసరమైన పేటెంట్లు. అంత పట్టు చేతికిచ్చినందుకు ప్రతిగా కంపెనీలు ఒక మాట ఇస్తాయి: న్యాయంగా, సమంజసంగా, వివక్ష లేకుండా లైసెన్సు ఇస్తామని. మూడు మాటలూ ముత్యాలే. ఒక్క అంకె కూడా లేకుండా ఇంత మంచి వాగ్దానం చేయడం మన ఎన్నికల మేనిఫెస్టోలకు కూడా ఇంకా చేతకాలేదు, అవి పాపం ఎక్కడో ఒకచోట రూపాయల్లోకి దిగి దొరికిపోతాయి.

ఏ పేటెంటు నిజంగా అత్యవసరమో ఎవరు తేలుస్తారు? ఎవరూ తేల్చరు. ఐరోపా ప్రమాణాల సంస్థ ఎట్సీ దగ్గర కంపెనీ తనంతట తానే "నాది అత్యవసరం" అని రాసిస్తుంది, సంస్థ దాన్ని జాబితాలో చేర్చుకుంటుంది. అది నిజమా అబద్ధమా అని తనిఖీ చేయడం తన పని కాదని సంస్థ ముందే చెప్పేసింది. మన దగ్గర ధరణిలో పేరెక్కాలన్నా తహసీల్దారు ఒకసారి కళ్లద్దాలు సర్దుకుని చూడాల్సి వచ్చేది.

ఈ టోలు సంగతి మన దేశానికి మొదట గట్టిగా తెలిసింది 2013లో. ఆ మార్చిలో స్వీడన్ కంపెనీ ఎరిక్‌సన్ ఢిల్లీ హైకోర్టులో మైక్రోమ్యాక్స్ మీద దావా వేసింది. కోర్టు తాత్కాలికంగా కొన్ని రేట్లు పెట్టింది. మామూలు జీఎస్ఎం ఫోనుకు అమ్మకం ధరలో 1.25 శాతం, జీపీఆర్ఎస్ ఉంటే 1.75, ఎడ్జ్ ఉంటే 2 శాతం. కంప్యూటరుకు తగిలించే డాంగిల్‌కు తలకు రెండున్నర డాలర్లు. ఆ మైక్రోమ్యాక్స్ మనకు పరాయిదేమీ కాదు, విమానాశ్రయానికి అవతల రావిర్యాల ఫ్యాబ్‌సిటీలో ఫ్యాక్టరీ పెట్టిన కంపెనీయే.

మైక్రోమ్యాక్స్ ఊరుకోకుండా పోటీ కమిషన్‌కు, అంటే సీసీఐకి పోయింది. 2013 నవంబరు 12 నాటి సీసీఐ ఉత్తర్వులో ఒక లెక్క ఉంది. బడిపిల్లలకు చెప్పించాల్సిన లెక్క. చిప్పు అదే. అది వంద రూపాయల ఫోనులో ఉంటే రాయల్టీ రూపాయి పావలా. వెయ్యి రూపాయల ఫోనులో ఉంటే పన్నెండున్నర. చిప్పు అదనంగా చేసిన పని ఏమీ లేదు. ఫోను తయారీదారు మంచి కెమెరా పెట్టుకున్నాడు, పెద్ద తెర పెట్టుకున్నాడు, ఆ పాపానికి ఇదీ జరిమానా. ఇప్పుడు ఇదే సూత్రాన్ని ఒక స్తంభానికి కట్టి చూడండి. సిమ్‌కార్డు పెట్టుకున్న చిన్న డబ్బా ధర మీద శాతమా? దీపం, కెమెరా, గాలి నాణ్యత చెప్పే పెట్టె అన్నీ కలిసిన స్తంభం ధర మీద శాతమా? ఆ స్తంభం పాతడానికి తవ్విన గుంత, పోసిన కాంక్రీటు బిల్లు కూడా కలుపుతారా? నవ్వులాట కాదు. కోర్టుల్లో ఏళ్ల తరబడి నడిచిన వాదన ఇదే: శాతం కట్టాల్సింది చిప్పు మీదా, మొత్తం వస్తువు మీదా అని. లావా కంపెనీ మీద ఎరిక్‌సన్ వేసిన కేసులో 2024 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు 244 కోట్ల రూపాయల నష్టపరిహారం కట్టమంది. లెక్క వేసింది మొత్తం ఫోను అమ్మకం ధర మీద, 1.05 శాతం చొప్పున. ఎనిమిది పేటెంట్లు వాదనకొస్తే అందులో ఒకటి చెల్లదని కూడా అదే తీర్పు చెప్పింది.

లావా తప్పేమీ లేదని నేను అనడం లేదు. ఏళ్ల తరబడి పరిశోధన చేసినవాడికి కూలి గిట్టాలి. కట్టాల్సింది కట్టకుండా వాయిదాల మీద వాయిదాలతో కాలం దొర్లించే విద్యలో మన కంపెనీలు కూడా తక్కువ తినలేదు. గొడవ కూలి గురించి కాదు, కూలి ఎంతో పని అయిపోయిన పదేళ్లకు చెప్పడం గురించి. లావా మీద పడిన లెక్క 2011లో మొదలై 2020 దాకా నడిచిన అమ్మకాలది. తీర్పు వచ్చింది 2024లో. ఈలోగా ఆ ఫోన్లు కొన్నవాళ్లు ఇంకో మూడు ఫోన్లు మార్చారు.

ఫోనంటే రెండేళ్లకు పాతబడుతుంది. స్తంభం అలా కాదే! దీపాల డబ్బాలు, నీటి మీటర్లు, కరెంటు మీటర్లు పదేళ్లూ పదిహేనేళ్లూ నిలబడాలని పాతుతారు. స్మార్ట్ సిటీల మిషన్ 2015 జూన్ 25న మొదలై 2025 మార్చి 31న ముగిసింది. తెలంగాణ నుంచి మొదట హైదరాబాద్, వరంగల్ పేర్లు పోయాయి, తర్వాత హైదరాబాద్ తీసేసి కరీంనగర్‌ను పెట్టమని మన ప్రభుత్వమే అడిగింది. బహుశా హైదరాబాద్ అప్పటికే చాలినంత తెలివిమీరిపోయిందని కాబోలు. ఆంధ్రలో విశాఖ, కాకినాడ, తిరుపతి, అమరావతి. దేశం మొత్తం మీద వంద నగరాలకు వంద కమాండ్ కంట్రోల్ సెంటర్లు వచ్చాయి. గోడ నిండా తెరలు, తెరల ముందు చుట్టూ తిరిగే కుర్చీలు. మిషన్ ముగిసింది, స్తంభాలు మిగిలాయి. రేపు ఎప్పుడో ఒక నోటీసు ఐరోపా నుంచి బయల్దేరి వస్తే దాన్ని అందుకోవడానికి ఏ కుర్చీలో ఎవరుంటారు? ఆ నోటీసును మున్సిపాలిటీలో ఇన్‌వర్డ్ చేసే గుమస్తా ఏ ఫైలులో పెట్టాలో తెలియక ఆస్తిపన్ను ఫైలులో పెడతాడు. అది మాత్రం ఖాయం.

అసలు నోటీసు మున్సిపాలిటీకి రాకుండా ఒక మంత్రం ఉంది. ప్రతి టెండరు కాగితంలోనూ ఎక్కడో లోపల, పేజీలు తిప్పీ తిప్పీ వేళ్లు నొప్పి పుట్టే చోట, ఒక షరతు ఉంటుంది: మేధోసంపత్తి హక్కుల మీద ఏ వివాదం వచ్చినా సరఫరాదారుడే భరించాలి, కొనుగోలుదారుకు ఏ నష్టమూ కలగనివ్వకూడదు. ఆ షరతు గురించి ఏ ఊరి మున్సిపల్ ఆఫీసులోనైనా ఇలాంటి సంభాషణ నడిచిందనుకోండి.

"సార్, ఈ షరతు ఏంది?"

"ఏం లేదు తమ్మీ, పేటెంట్ల లొల్లి వస్తే నువ్వు చూసుకుంటవని."

"లొల్లి వస్తదా సార్?"

"వస్తే గదా."

"వస్తే ఎంతయితది?"

"మాకేమెరుక? వచ్చినంక తెలుస్తది."

"మరి కొటేషన్ల ఎంత ఏసుకోమంటరు?"

"నువ్వు ఎల్‌వన్ రావాల్నా, వద్దా?"

అదీ కిటుకు. ఎల్‌వన్, అంటే అందరికన్నా తక్కువ కోట్ చేసినవాడు. పేటెంట్ల సంగతి తెలిసి, నిజాయితీగా ఆ ఖర్చు కలిపి రాసినవాడు ఓడిపోతాడు. తెలియనివాడు గెలుస్తాడు. తెలిసీ తెలియనట్టు నటించేవాడు ఖాయంగా గెలుస్తాడు. మన ప్రభుత్వాలు ఇంత శ్రద్ధగా అజ్ఞానాన్ని ప్రోత్సహించే పథకం ఇంకోటి లేదు, దీనికి సబ్సిడీ కూడా అక్కర్లేదు.

గెలిచినవాడు చేసేది ఏమిటంటే, షెన్‌జెన్ నుంచి మాడ్యూళ్లు తెప్పించి, కొత్తూరులోనో కాటేదాన్‌లోనో చర్లపల్లిలోనో డబ్బాలో బిగించి, స్టిక్కరు అంటించడం. మాడ్యూలుకు బిల్లు వస్తుంది, జీఎస్టీ వస్తుంది, గ్యారంటీ కార్డు వస్తుంది. పేటెంటు లైసెన్సు మాత్రం రాదు. చాలామంది పేటెంటు యజమానులు లైసెన్సును చిప్పు చేసేవాడికి ఇవ్వరు, చివరి వస్తువు అమ్మేవాడికే ఇస్తారు. ధర పెరిగిన చోటే శాతం కోయడం లాభం గదా. చిప్పు చేసేవాడు "నాకు లైసెన్సు ఇవ్వండి, నేను ధరలో కలుపుకుంటా" అన్నా వినరు. ఈ తగాదా మీద మెర్సిడెస్ కార్లు చేసే డైమ్లర్ అంతటివాడు నోకియాతో జర్మనీలో తలపడ్డాడు. 2020 ఆగస్టులో మాన్‌హైమ్ కోర్టు నోకియా వైపు తీర్పిచ్చింది. లైసెన్సు ఎవరికి ఇవ్వాలి, విడిభాగం చేసేవాడికా, కారు చేసేవాడికా అని డ్యూసెల్‌డార్ఫ్ కోర్టు ఐరోపా అత్యున్నత న్యాయస్థానాన్ని అడిగింది. జవాబు రాకముందే 2021 జూన్‌లో ఇద్దరూ రాజీ పడ్డారు, ప్రశ్న గాలిలో ఆవిరైంది. ఐరోపా సంఘం 2023 ఏప్రిల్‌లో ఈ పేటెంట్లకు రిజిస్టరు, రేట్ల లెక్క పెడదామని ముసాయిదా చట్టం తెచ్చి, 2025లో వెనక్కి తీసుకుంది. డైమ్లర్‌కు దొరకని జవాబు, ఐరోపాకు చేతకాని చట్టం కొత్తూరు షెడ్డులో సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్న కుర్రాడి నెత్తి మీద ఒక్క వాక్యంతో వేశాం. మన డ్రాఫ్టింగ్ నైపుణ్యానికి జోహార్లు.

కార్ల విషయంలో మాత్రం కొంత నయం. అవాన్సీ అనే సంస్థ చాలా కంపెనీల పేటెంట్లను ఒకే కట్టగా కట్టి కారుకు ఇంత అని రేటు బయటే పెట్టింది. 4జీ కారుకు మొదట 15 డాలర్లు, తర్వాత 20. 5జీకి 32. ఎక్కువో తక్కువో, బోర్డు అయితే ఉంది. ఇలాంటి కట్టలు ఇంకొన్ని కూడా రేట్లు చెబుతున్నాయి, మెచ్చుకోవాల్సిందే. చిక్కు ఎక్కడంటే, కట్టలో చేరని యజమాని కట్ట బయట కాచుకుని ఉంటాడు. కెమెరాల్లో వీడియో కుదించే హెచ్.265కు ఒక దశలో మూడు కట్టలు ఉండేవి, మూడింటికీ మూడు కౌంటర్లు. మూడు చోట్లా కట్టి బయటికొచ్చినవాడికి "మేం వాళ్లలో లేం బాబూ" అంటూ నాలుగోవాడు ఎదురొచ్చేవాడు. తెలంగాణలో పోలీసులు, కాలనీ సంఘాలు, దుకాణదార్లు కలిసి పెట్టించిన కెమెరాలెన్నో లెక్కేసుకోండి. దొంగను పట్టే కెమెరా తానే ఎవడికో బాకీపడి ఉండవచ్చు.

ఇంక ఫిర్యాదు చేయాలంటే ఎక్కడికి పోవాలి? ఇక్కడే కథ మన నేల మీదికి వస్తుంది.

ఈ చుట్టుపక్కల చెలకల్లో పత్తి వేస్తారు. బీటీ పత్తి విత్తనం వచ్చిన కొత్తలో 450 గ్రాముల ప్యాకెట్టు పదహారు వందలకు పైనే పలికేది. అందులో 1,250 రూపాయలు విత్తనానికి కాదు, విత్తనంలోని మాన్‌శాంటో జన్యువుకు. దాన్ని ట్రెయిట్ ఫీజు అన్నారు. 2006లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ ఫీజు న్యాయమేనా అని గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌కు ఎక్కింది. కమిషన్ ఆ ఫీజు తగ్గించమంది. ప్యాకెట్టు ధర 750కి దిగింది. గమనించాల్సింది ఏమిటంటే, ప్రశ్న అడిగింది రైతు కాదు, చిన్న విత్తన వ్యాపారి కాదు, ఏకంగా రాష్ట్ర ప్రభుత్వం. అడగాలని ఆనాడు తోచింది. నాయకులు అప్పుడేమైనా బుద్ధుళ్లా అంటే కాదు, రైతు ఓటు అప్పటికి బతికే ఉంది. అంతే.

ఆ పాత కమిషన్ పోయి సీసీఐ వచ్చింది. సీసీఐ ముందుకు ఎరిక్‌సన్ ఫోను తగాదా, మాన్‌శాంటో పత్తి తగాదా రెండూ వచ్చాయి. వాటిని విచారించే అధికారం సీసీఐకి ఉందా అన్న దాని మీద ఢిల్లీ హైకోర్టు 2023 జూలై 13న రెండిటికీ కలిపి ఒకే తీర్పు చెప్పింది. పేటెంటు లైసెన్సులో దౌర్జన్యం జరిగితే చూసుకోవడానికి పేటెంట్ల చట్టంలోనే ఒక అధ్యాయం ఉంది, ఆ పని పేటెంట్ల కంట్రోలర్‌ది, సీసీఐ జోక్యం అక్కర్లేదు అని. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా దాంట్లో వేలు పెట్టనంది. అంటే పత్తి చేను మీద వాలిన ఫీజూ, స్తంభం మీద వాలిన ఫీజూ ఒకే చట్టం గొడుగు కింద చేరాయి. బాగుంది. కంట్రోలర్ గారి దగ్గరికే పోదాం.

కంట్రోలర్ ఈ అధికారాన్ని ఇప్పటిదాకా ఎన్నిసార్లు వాడారు? ఒక్కసారి. నమ్మండి నమ్మకపొండి, ఆ ఒక్కసారి లబ్ధి పొందిన కంపెనీ ఫ్యాక్టరీ మన కొత్తూరులో ఉంది.

2012 మార్చి 9. అప్పటికి కొత్తూరు ఇంకా పాలమూరు జిల్లాలోదే. కాలేయం, మూత్రపిండాల క్యాన్సర్‌కు బేయర్ కంపెనీ అమ్ముతున్న నెక్సావర్ మందు నెలకు 2,80,428 రూపాయలు. దాన్ని 8,880కి ఇస్తానని నాట్కో ఫార్మా అడిగింది. పేటెంట్ల చట్టం 84వ సెక్షన్ మూడు ప్రశ్నలు అడగమంటుంది: జనం అవసరం తీరుతోందా, ధర అందుబాటులో ఉందా, పేటెంటును ఈ దేశంలో పనిలో పెట్టారా అని. కంట్రోలర్ పి.హెచ్. కురియన్ మూడూ అడిగారు. మూడిటికీ 'లేదు' అనే జవాబొచ్చింది. నిర్బంధ లైసెన్సు ఇచ్చారు. బేయర్‌కు ఉత్త చేతులేమీ చూపలేదు. ఆరు శాతం రాయల్టీ పెట్టారు, అప్పీలులో అది ఏడు శాతమైంది. 2014లో బొంబాయి హైకోర్టూ, ఆ డిసెంబరులో సుప్రీంకోర్టూ దాన్ని నిలబెట్టాయి. ప్రపంచమంతా మన వైపు చూసింది. తర్వాత మనమే మన వైపు చూసి భయపడ్డాం. ఆ తర్వాత అడిగినవాళ్లెవరికీ ఇవ్వలేదు. 2016లో ఖాళీ చేతులతో వెనక్కొచ్చినవాళ్లలో హైదరాబాద్ కంపెనీ లీ ఫార్మా కూడా ఉంది.

కాబట్టి పరిస్థితి ఇదన్నమాట. పోటీ కమిషన్‌కు పోతే కంట్రోలర్ దగ్గరికి పొమ్మన్నారు. కంట్రోలర్ దగ్గర తాళంచెవి ఉంది, అది ఒక్కసారే తిరిగింది. మన రాష్ట్రానికి పేటెంటు ఆఫీసు చెన్నైలో. పెద్ద సెప్ కేసులు నడిచేది ఢిల్లీలో. శంషాబాద్ విమానాశ్రయానికి దగ్గర్లో ఉండటం కొత్తూరు పారిశ్రామికవాడకు ఎంత లాభమో ఇప్పుడు అర్థమవుతుంది. పొద్దున విమానమెక్కితే సాయంత్రానికి ఓడిపోయి రావచ్చు.

తాళంచెవి ఇంకోటి కూడా ఉంది, దాన్ని ఎవరూ జేబులోంచి తీయరు. అదే చట్టం నూరో సెక్షన్. ప్రభుత్వ అవసరాల కోసం ఏ పేటెంటునైనా కేంద్రం వాడుకోవచ్చు, తాను అధికారమిచ్చినవాళ్ల చేత వాడించవచ్చు. ఊరికే కాదు, సొమ్ము చెల్లించి. ధర కుదరకపోతే హైకోర్టు తేలుస్తుంది. ప్రభుత్వ అవసరమంటే రాష్ట్ర ప్రభుత్వాలదీ, ప్రభుత్వ సంస్థలదీ అందులోకి వస్తుంది. వీధి దీపం కన్నా, నీటి మీటరు కన్నా, అంబులెన్సు కన్నా పెద్ద ప్రభుత్వ అవసరం ఏముంటుంది? కనీసం ఈ సెక్షన్ బల్ల మీద పెట్టుకుని బేరానికి కూర్చున్నా ఎదుటివాడు కుర్చీలో సర్దుకుంటాడు. ఈ దేశంలో అందరికన్నా పెద్ద కొనుగోలుదారు ప్రభుత్వం. కొత్తిమీర కట్ట కొనేవాడు కూడా ఒక మాట తగ్గించి అడుగుతాడు. లక్షల దీపాలు, కోట్ల మీటర్లు కొనేవాడు మాత్రం నోరు కట్టేసుకుని, బేరం బాధ్యతను అందరికన్నా చిన్నవాడికి అప్పగిస్తాడు.

ఈ మాట అంటే వెంటనే ఒక జవాబు వస్తుంది: మనమే పేటెంట్లు తెచ్చుకోవాలి, అదే ఆత్మనిర్భరత. తెచ్చుకుంటున్నారు, కాదనను. సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ హైదరాబాద్ ఉంది. అక్కడి ఆచార్యులు కిరణ్ కూచి, ఆయన బృందం, మద్రాసు ఐఐటీ వాళ్లతో కలిసి మన పల్లెలకు పనికొచ్చేలా, ఒక టవరు దూరదూరాల దాకా అందేలా 5జీకి కొన్ని మార్పులు కనిపెట్టారు. దానికి 5జీఐ అని పేరు పెట్టారు. మన ప్రమాణాల సంస్థ టీఎస్‌డీఎస్ఐ దాన్ని ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ చేత ఒప్పించింది. అప్పుడు మన టెలికాం కంపెనీలు ఏం చేశాయి? ఖర్చు పెరుగుతుందని మూతి విరిచాయి. చివరికి దాన్ని ప్రపంచ ప్రమాణంలో కలిపేసి చేతులు దులుపుకున్నారు. అదే క్యాంపస్ నుంచి పుట్టిన వైసిగ్ నెట్‌వర్క్స్, హైదరాబాద్ కంపెనీ సైయెంట్‌తో కలిసి కోలా అనే చిప్పు తెచ్చింది. నోరున్న చిన్న వస్తువుల కోసమే చేసిన ఎన్‌బీ-ఐఓటీ చిప్పు, దేశంలో డిజైన్ చేసిన మొట్టమొదటిది. గచ్చిబౌలిలో ఐఐఐటీ వాళ్లు స్మార్ట్ సిటీ లివింగ్ ల్యాబ్ పెట్టి, వస్తువులు మాట్లాడుకునే వన్‌ఎంటూఎం ప్రమాణం మీద నడిపి చూపించారు. పాత రకం నీటి మీటరును కెమెరాతో చదివించే చిన్న యంత్రం కూడా చేశారు. అసలు పనంటే అదీ.

మన టెండర్లకు ఇవేమైనా కనిపిస్తాయా? ఎల్‌వన్ కళ్లద్దాలకు ధర గడి ఒక్కటే కనిపిస్తుంది. 2030 నాటికి 6జీ పేటెంట్లలో పది శాతం మనవి కావాలని ఢిల్లీలో ప్రకటించారు. మంచిదే. అప్పుడు మనం కూడా బోర్డు లేని గేటు పెట్టుకుని ఇంకెవరి స్తంభం మీదో సుంకం వసూలు చేస్తాం. పది శాతం మన చేతికొచ్చినా తొంభై శాతం కట్టాల్సిందేనన్న లెక్క మాత్రం ఆ ప్రకటనలో ఉన్నట్టు లేదు.

వస్తువుల పట్ల మన సర్కారుకు వేరే ఏ విషయంలోనూ ఇంత అశ్రద్ధ లేదు. యంత్రాల సిమ్‌కార్డులకు ప్రత్యేకంగా పదమూడంకెల నంబర్లు కేటాయించింది, మనుషులకు మాత్రం పదే. కొత్త బస్సులకు, ట్యాక్సీలకు 2019 జనవరి నుంచి ట్రాకరూ, ఆపదలో నొక్కే బటనూ తప్పనిసరి చేసింది. పెట్టకపోతే ఫిట్‌నెస్ ఆపేస్తుంది. పెట్టిన ట్రాకరు ఎవరి పేటెంట్ల మీద నడుస్తోందో, దానికి లైసెన్సు ఉందో లేదో ఏ ఆర్టీవో అడగడు. కొనక తప్పని వస్తువుగా చట్టం చేసేటప్పుడు దాని లోపలి సుంకం ఎంతో ముందే తేల్చుకోవాలని ఇంగితం చెబుతుంది. కానీ ఇంగితం టెండరుకు అర్హత కాదు.

ఇప్పుడు విమానాశ్రయానికి అవతలి వైపు ఫ్యూచర్ సిటీ లేస్తోంది. ఏడు మండలాలు, 56 ఊళ్లు, ముప్పై వేల ఎకరాలు. కందుకూరు, మహేశ్వరం, యాచారం, కడ్తాల్ పేర్లు ఇప్పుడు పెట్టుబడుల సభల్లో ఇంగ్లీషు యాసతో వినిపిస్తున్నాయి. కొత్తూరు అందులో లేదు, కానీ అక్కడ పాతే డబ్బాల్లో సగం ఇక్కడి షెడ్లలోనే బిగుస్తాయని కొత్తూరు వాళ్ల ఆశ. పాత నగరాల్లో పాతేసిన వాటిని పీకి చూడలేం. ఇక్కడ ఇంకా పాతలేదు. ఏ వస్తువు ఏ ప్రమాణం మీద నడుస్తుందో, దాని పేటెంట్లు ఎవరివో, తలకు ఎంతో ఇప్పుడే పిలిచి అడగవచ్చు. అందరికీ కలిపి ఒకే బేరం ఆడవచ్చు. కుదిరిన రేటు బయట పెట్టవచ్చు. సరఫరాదారుడు తెలియక చేసిన తప్పుకు అతని ఇల్లు వేలానికి రాకుండా చూడవచ్చు. ఇవన్నీ చేస్తారన్న భ్రమ నాకు లేదు గనక చిన్నదే అడుగుతాను. టెండరు ఫారంలో దీపానికెంత, కెమెరాకెంత, కేబులుకెంత, జీఎస్టీ ఎంత అని ఇన్ని గడులు పెడతారు గదా, వాటి కింద ఇంకొక్క గడి గీయండి: పేటెంటు రాయల్టీ, వస్తువుకు రూ. ఇంత. నింపడానికి ఎవరికీ చేతకాకపోతే ఖాళీగానే వదిలేయండి. ఆడిట్‌కు వచ్చినవాడికి ఆ ఖాళీ అయినా కనబడుతుంది.